జార్జ్ హారిసన్ 1969లోనే వేరు కుంపటి పెట్టి ఉంటే

1969 జనవరి 29. లండన్‌లో సావిల్ రో వీధిలో బీటిల్స్ సొంత కంపెనీ ఆపిల్ ఆఫీసు, కింద బేస్‌మెంట్‌లో స్టూడియో. మర్నాడు అదే బిల్డింగ్ పైకప్పు మీద బీటిల్స్ చివరిసారిగా జనం ముందు పాడబోతున్నారు. ఆ హడావిడి మధ్యలో గ్రూప్ గిటారిస్ట్ జార్జ్ హారిసన్, తోటి సభ్యుడు జాన్ లెనన్‌తోనూ, లెనన్ ప్రేయసి యోకో ఓనోతోనూ మాట్లాడుతూ మనసులో మాట ఒకటి బయటపెట్టాడు. తన దగ్గర పాటలు పేరుకుపోయాయి, ఆల్బమ్‌కి తనకొచ్చే వంతు లెక్కన చూస్తే పదేళ్ళకి సరిపోతాయి, అందుకని అవన్నీ కలిపి సొంతంగా ఒక ఆల్బమ్ చేసుకుంటే బాగుంటుందేమో అని. గ్రూప్ వదిలేస్తానని కాదు. తన పాటలు ఒకచోట చేరితే ఎలా వినిపిస్తాయో చూడాలని ఉంది, అలా బయట కూడా పాడుకుంటూ ఉంటే గ్రూప్ కూడా ఇంకొన్నాళ్ళు నిలబడుతుందని ఆశ. లెనన్ అడ్డు చెప్పలేదు. యోకో మంచి ఆలోచన అంది. ఇదంతా టేపుల్లో ఉంది, 2021లో పీటర్ జాక్సన్ డాక్యుమెంటరీ వచ్చాక అందరూ చూసేశారు కూడా.

ఆ ఆల్బమ్ రాలేదు. జార్జ్ పాటల వరద వచ్చింది 1970 నవంబర్ 27న, 'ఆల్ థింగ్స్ మస్ట్ పాస్' పేరుతో మూడు రికార్డుల పెట్టెగా, అప్పటికి గ్రూప్ విడిపోయి ఏడు నెలలు దాటింది. అయితే ఆ జనవరి మాటని పట్టుకుని ఎవరో ఒకరు ఆ వారంలోనే స్టూడియో బుక్ చేసి ఉంటే? 1969 వేసవిలో, బీటిల్స్ ఇంకా బీటిల్స్‌గా ఉండగానే, జార్జ్ సోలో ఆల్బమ్ ఒకటి దుకాణాల్లోకి వచ్చి ఉంటే? రాక్ సంగీతాభిమానులకి ఇలాంటి ఊహలు మహా ఇష్టం, విడిపోని బీటిల్స్ 1971లో ఏ ఆల్బమ్ చేసేవాళ్ళు అని సోలో రికార్డుల నుంచి తలా మూడు పాటలు ఏరి జాబితాలు రాసుకునే వాళ్ళకి లెక్కే లేదు. కానీ ఆ జాబితాల్లో చాలావరకు తొండి ఆటలే. బాగున్న పాటల్ని ఎక్కడెక్కడినుంచో తెచ్చి ఒక పళ్ళెంలో పెడితే విందు బాగానే ఉంటుంది, చరిత్ర మాత్రం అవదు. ఊహ పనికిరావాలంటే ఒక్కటే మార్చాలి, మిగతాదంతా ఉన్నది ఉన్నట్టే ఉంచాలి. ఇక్కడ మార్చేది ఆ సంభాషణ తర్వాత జరిగినదాన్ని మాత్రమే. 1969 ఏప్రిల్ చివరికి పుట్టని పాట ఆ ఆల్బమ్‌లో ఉండకూడదు, అప్పటికి జార్జ్‌కి పరిచయం లేని మనిషి అందులో వాయించకూడదు, అప్పటికి అతని చేతికి రాని విద్య అందులో వినిపించకూడదు.

ముందు వంతుల సంగతి చూడాలి, ఎందుకంటే కథంతా అక్కడే ఉంది. బీటిల్స్‌లో లెనన్, పాల్ మెకార్ట్నీ పెద్దన్నలు, పొలం వాళ్ళిద్దరి పేరు మీద ఉంది, జార్జ్‌కి గట్టు మీద నాలుగు మొక్కలు వేసుకునే చోటు దొరికేది. 1963లో మొదటి పాట 'డోంట్ బాదర్ మీ' నుంచి ఆల్బమ్‌కి మహా అయితే ఒకటో రెండో. 1966లో 'రివాల్వర్'లో మూడు దక్కాయి, అది అప్పటికి గొప్పే. 1968లో వచ్చిన తెల్ల అట్ట జంట ఆల్బమ్‌లో 30 ట్రాకులుంటే జార్జ్‌వి నాలుగు, అంటే వైపుకి ఒకటి. అదే ఆల్బమ్ కోసం 'నాట్ గిల్టీ' అనే పాటని వందకు పైగా టేకులు వాయించి చివరికి పక్కన పడేశారు. పాట నచ్చకపోతే రెండు టేకుల్లో తెలిసిపోతుంది కదా, వంద టేకులు వాయించాక తీసేయడం అంటే ఆ మనిషికి ఎలా ఉండి ఉంటుంది! 'ఈజింట్ ఇట్ ఎ పిటీ' 1966 నాటిది, దాన్ని 1969 జనవరిలో మళ్ళీ వినిపించాడు, మళ్ళీ ఎవరూ పట్టించుకోలేదు. జనవరి 8న, ముందు రాత్రే రాసుకొచ్చిన 'ఐ మీ మైన్' వినిపిస్తే లెనన్ ఎగతాళి చేశాడు, ఆ తర్వాత యోకోతో కలిసి దానికి వాల్ట్జ్ డాన్స్ చేశాడు. రెండు రోజులకి జార్జ్ గ్రూప్ వదిలి ఇంటికెళ్ళిపోయాడు. ఆ రోజే ఇంట్లో కూర్చుని 'వా-వా' రాశాడు, తలనొప్పి మీద పాట అది, ఆ తలనొప్పి ఎవరో చెప్పనక్కర్లేదు. పన్నెండు రోజుల్లో తిరిగి వచ్చాడు గానీ, వచ్చిన మనిషి వెళ్ళిన మనిషి కాదు.

మరి సొంతంగా ఆల్బమ్ చేసే సత్తా అప్పటికి ఉందా అంటే, ఉంది, కావాల్సినంత. ఇది చాలామంది మర్చిపోయే విషయం. బీటిల్స్ నలుగురిలో సోలో ఆల్బమ్ ముందు వేసింది జార్జే. 1968 నవంబర్‌లో వచ్చిన 'వండర్‌వాల్ మ్యూజిక్' ఆపిల్ కంపెనీ విడుదల చేసిన మొట్టమొదటి ఆల్బమ్ కూడా. ఒక సినిమా నేపథ్య సంగీతం అది, సగం లండన్‌లో, సగం 1968 జనవరిలో బొంబాయి హెచ్‌ఎంవీ స్టూడియోలో రికార్డ్ చేశాడు, సంతూర్ మీద శివకుమార్ శర్మ, సరోద్ మీద ఆశిష్ ఖాన్ ఉన్నారు. జార్జ్ గొంతుతో పాట ఒక్కటీ లేదు. తర్వాత జాకీ లోమాక్స్ అనే లివర్‌పూల్ గాయకుడికి ఆల్బమ్ ప్రొడ్యూస్ చేశాడు, 1968 చివర్లో లాస్ ఏంజిలస్ వెళ్ళి హాల్ బ్లేన్ లాంటి అక్కడి హేమాహేమీలతో పని చేయించుకున్నాడు. అంటే స్టూడియోలో పదిమందిని కూర్చోబెట్టి పని నడిపించడం అతనికి కొత్త కాదు. సొంత గ్రూపులో మాత్రం గిటార్ ఎలా వాయించాలో మెకార్ట్నీ చెప్తుంటే తల ఊపుతూ కూర్చోవాలి.

ఇంకో తమాషా ఉంది. 1969 మే నెలలో జార్జ్ సోలో ఆల్బమ్ నిజంగానే ఒకటి వచ్చింది! పేరు 'ఎలక్ట్రానిక్ సౌండ్'. అప్పుడే కొత్తగా వచ్చిన మూగ్ సింథసైజర్ మీద చేసిన రెండు పొడుగాటి శబ్దాల ప్రయోగాలు, వైపుకి ఒకటి, అందులో ఒకటి అసలు తాను వాయించి చూపించిందేనని బెర్నీ క్రాస్ అనే సంగీతకారుడు తర్వాత గొడవ పెట్టుకున్నాడు. పదేళ్ళకు సరిపడా పాటలు సంచిలో పెట్టుకుని తిరుగుతున్న మనిషి, సొంత పేరు మీద వేసిన రికార్డులో కీచుమనే చప్పుళ్ళు పెట్టాడు. ఊహలోని ఆల్బమ్‌కి ఖాళీ వెతకాల్సిన పనే లేదన్నమాట, ఆ చోటు అక్కడే ఉంది, అందులో వేరే సరుకు పోశారు అంతే.

ఇప్పుడు సంచిలో ఏముందో చూద్దాం. 'ఆల్ థింగ్స్ మస్ట్ పాస్' పాట ఉంది, ఏదీ నిలవదు, అన్నీ గడిచిపోయేవే అని. జనవరి మొదట్లో బీటిల్స్ దీన్ని రోజుల తరబడి రిహార్సల్ చేసి వదిలేశారు. 'లెట్ ఇట్ డౌన్' ఉంది, 'హియర్ మీ లార్డ్' ఉంది, 'వా-వా' ఉంది, 'ఈజింట్ ఇట్ ఎ పిటీ' ఉంది. 1968 నవంబర్‌లో వుడ్‌స్టాక్ దగ్గర బాబ్ డిలన్ ఇంటికి వెళ్ళినప్పుడు ఇద్దరూ కలిసి రాసిన 'ఐడ్ హావ్ యూ ఎనీటైమ్' ఉంది. 1966లో మొదలుపెట్టిన 'ఆర్ట్ ఆఫ్ డైయింగ్' ఉంది, దాని మొదటి రాతలో మేనేజర్ ఎప్‌స్టీన్ పేరు కూడా ఉండేది, ఆయన 1967 ఆగస్టులో చనిపోయాడు కాబట్టి చావు మీద పాటలో ఆ పేరు తర్వాత ఉంచడం కష్టమే. పక్కన పడేసిన 'నాట్ గిల్టీ', 1968 మేలో ఇంట్లో డెమో చేసుకున్న 'సర్కిల్స్', జనవరి సెషన్లలో సరదాగా పాడి వినిపించిన 'విండో, విండో'. ఇవి కాక 'సమ్‌థింగ్', 'ఓల్డ్ బ్రౌన్ షూ', 'ఫర్ యూ బ్లూ', 'ఐ మీ మైన్'. రిషికేశ్ రోజుల్లో కట్టిన 'డెహ్రాడూన్' అనే చిన్న పాట కూడా ఉంది గానీ అది పాటకన్నా ప్రయాణం గుర్తు.

లేనివి ఏవో కూడా చూడాలి, అక్కడే తొండి జాబితాలు పట్టుబడతాయి. 'మై స్వీట్ లార్డ్' లేదు, అది 1969 డిసెంబర్‌లో, డెలానీ అండ్ బానీ బృందంతో టూర్‌లో ఉన్నప్పుడు కోపెన్‌హాగన్‌లో మొదలైంది. 'బివేర్ ఆఫ్ డార్క్‌నెస్' లేదు. ఫ్రయర్ పార్క్ బంగళా 1970లో కొన్నాడు కాబట్టి ఆ ఇంటి పాత యజమాని మీద రాసిన పాట ఉండే ప్రశ్నే లేదు. ఐల్ ఆఫ్ వైట్‌లో డిలన్ కచేరీ సందర్భంగా రాసిన 'బిహైండ్ దట్ లాక్డ్ డోర్' 1969 ఆగస్టు నాటిది. జార్జ్ పేరు చెప్పగానే రేడియోలో వినిపించే పాట, కొన్ని కోట్లమందికి అతనంటే అదే అనిపించే పాట, ఊహలోని ఆల్బమ్‌లో లేనే లేదన్నమాట. తెలుగు శ్రోతలకి ఇది ఇంకాస్త పెద్ద లోటు, ఎందుకంటే 'మై స్వీట్ లార్డ్' వెనక కోరస్‌లో జాగ్రత్తగా వింటే 'గురుర్బ్రహ్మ గురుర్విష్ణుః' వినిపిస్తుంది, బడిలో పొద్దున్నే చేతులు కట్టుకుని చదివిన శ్లోకం, హరే కృష్ణ మంత్రం పక్కనే.

శబ్దం సంగతికొస్తే ఊహ ఇంకా రుచిగా ఉంటుంది. అసలు ఆల్బమ్ అనగానే గుర్తొచ్చేది ఫిల్ స్పెక్టర్ ప్రొడక్షన్. ఒకే గదిలో నాలుగైదు అకూస్టిక్ గిటార్లు, ఇద్దరు డ్రమ్మర్లు, పియానోలు, హారన్లు, వాటి మీద బిందెలకొద్దీ ఎకో. కొందరికి అది గోపురం, కొందరికి పొగమంచు. జార్జ్‌కే తర్వాత కాస్త ఎక్కువైందనిపించింది, 2001 రీఇష్యూ అప్పుడు ఆ పాటల్ని మళ్ళీ మిక్స్ చేయాలన్న కోరిక ఆపుకోవడం కష్టమైందని రాసుకున్నాడు. కానీ స్పెక్టర్ ఈ బృందం దగ్గరికి వచ్చింది 1970 జనవరిలో, లెనన్ సింగిల్ (విడిగా వదిలే పాట రికార్డు) 'ఇన్‌స్టంట్ కర్మ' కోసం. 1969 వసంతంలో అతను లేడు. కాబట్టి పొగమంచు లేదు. అప్పుడు జార్జ్ చెవుల్లో మోగుతున్నది ది బ్యాండ్ అనే బృందం మొదటి ఆల్బమ్, 1968 జూలైలో వచ్చిన 'మ్యూజిక్ ఫ్రమ్ బిగ్ పింక్'. చెక్క గదిలో అయిదుగురు కూర్చుని ఒకరికొకరు చోటిచ్చుకుంటూ వాయిస్తున్నట్టు ఉంటుందది. జార్జ్ వాళ్ళతో కొన్ని రోజులు గడిపి వచ్చి, నేరుగా జనవరి రిహార్సల్స్ మొదలైన ట్వికెన్‌హామ్ సినిమా స్టూడియో చలిలో అన్నదమ్ముల కోట్లాటలో పడ్డాడు. సహజంగానే సొంత ఆల్బమ్ అంటూ చేస్తే అది ఆ చెక్క గది వైపే మొగ్గేది.

ఇంకో రెండు లేవు. ఒకటి సితార్. 1968 మధ్యకొచ్చేసరికి తను ఎంత సాధన చేసినా రవిశంకర్ దారిలో ఆలస్యంగా బయల్దేరినవాడినే అని అర్థమై, జార్జ్ మళ్ళీ గిటార్ పట్టాడు. రెండోది స్లైడ్ గిటార్, చాలామంది ఆలోచించనిది ఇదే. జార్జ్ గిటార్ అనగానే చెవిలో మోగే ఆ జారుడు స్వరం, మనిషి గొంతులా సాగే ఆ మీటు, 1969 డిసెంబర్ టూర్‌లో పట్టుబడింది. అంతకు ముందటి ఆల్బమ్‌లో అది వినిపించదు. బదులుగా లెస్లీ స్పీకర్‌లోంచి గిరగిరా తిరుగుతూ వచ్చే గిటార్ ఉంటుంది, ఫెండర్ కంపెనీ పంపిన రోజ్‌వుడ్ టెలీకాస్టర్ గిటార్ ఉంటుంది, పైకప్పు మీద వాయించింది అదే. ఒక రకంగా అది జార్జ్ ఆల్బమే గానీ మనకి తెలిసిన జార్జ్ కాదు, మీసాలు రాకముందు ఫొటో చూసినట్టు.

వాయించేవాళ్ళు ఎవరు? ఇది ఊహించక్కర్లేదు, దాదాపు రికార్డులో ఉన్నట్టే. ఆ వసంతంలో జార్జ్ బిల్లీ ప్రెస్టన్ అనే కీబోర్డ్ కళాకారుడి కోసం ఆపిల్‌లో ఆల్బమ్ ప్రొడ్యూస్ చేస్తున్నాడు, 'దట్స్ ది వే గాడ్ ప్లాన్డ్ ఇట్'. అదే పేరున్న పాట మీద ఆర్గన్ ప్రెస్టన్, గిటార్ ఎరిక్ క్లాప్టన్, డ్రమ్స్ జింజర్ బేకర్, బేస్ గిటార్ ఎవరనుకున్నారు, రోలింగ్ స్టోన్స్ కీత్ రిచర్డ్స్! ఇంతమంది ఒక గదిలో ఉన్నారు, జార్జ్ కూడా ఆ గదిలోనే ఉన్నాడు, వాళ్ళ ముందు తన పాట పెట్టడమే తరువాయి. క్లాప్టన్‌కి అప్పుడు కాస్త తీరిక, అతని పాత బృందం క్రీమ్ 1968 నవంబర్‌లో ముగిసింది, కొత్త బృందం బ్లైండ్ ఫెయిత్ హైడ్ పార్క్‌లో జనం ముందుకొచ్చింది 1969 జూన్ 7న. బీటిల్స్ డ్రమ్మర్ రింగో మాత్రం అంత సులువుగా దొరకడు, సినిమా షూటింగ్ ఉంది, జనవరి సెషన్లు త్వరగా ముగించాల్సి వచ్చిందే అందుకు. మరో చిక్కు గొంతు. ఫిబ్రవరి రెండో వారంలో జార్జ్ ఆస్పత్రిలో టాన్సిల్స్ తీయించుకున్నాడు. అందుకని పాడటం ఆ నెలాఖరుకు గానీ కుదరదు.

సరే, ఆల్బమ్ పేర్చుదాం. ఎల్పీ అంటే వైపుకి 20 నిమిషాలు పైచిలుకు, అంతకు మించి నొక్కితే శబ్దం పలచబడుతుంది. స్పెక్టర్ లేడు కాబట్టి పాటలు అంత సాగవు, 'ఈజింట్ ఇట్ ఎ పిటీ' ఏడు నిమిషాల ఊరేగింపు కాకుండా నాలుగు నిమిషాల్లో అయిపోయే నిట్టూర్పు అవుతుంది. మొదటి వైపు 'వా-వా'తో తెరవాలి, కోపం పచ్చిగా ఉన్నప్పుడే. తర్వాత 'ఐడ్ హావ్ యూ ఎనీటైమ్', ఆ వెంటనే 'నాట్ గిల్టీ', దీన్ని 1979లో విడుదల చేసినప్పుడు మెత్తటి జాజ్‌లా చేశాడు గానీ 1969లో అయితే పళ్ళు కొరుకుతున్నట్టే ఉండేది. 'లెట్ ఇట్ డౌన్'. వైపు చివర 'ఈజింట్ ఇట్ ఎ పిటీ'. తిప్పితే 'ఆర్ట్ ఆఫ్ డైయింగ్', 'ఓల్డ్ బ్రౌన్ షూ', 'సర్కిల్స్' (ఇది లేకపోయినా నష్టం లేదు, నీరసమైన పాట, 1982లో విడుదలైనప్పుడూ ఎవరికీ గుర్తుండలేదు), 'హియర్ మీ లార్డ్', చివరికి 'ఆల్ థింగ్స్ మస్ట్ పాస్'. ఆల్బమ్‌కి ఆ పేరే పెట్టలేడు. బీటిల్స్ ఇంకా కలిసే ఉండగా అందులో ఒకడు 'అన్నీ గడిచిపోయేవే' అని అట్ట మీద అచ్చు వేస్తే, లండన్ పత్రికలన్నీ మర్నాడే సంతాప వార్తలు రాసేస్తాయి.

ఈ పది పాటల ఆల్బమ్ బాగుంటుంది. నిజంగానే బాగుంటుంది. కానీ ఇందులో హిట్ ఏది? మళ్ళీ మళ్ళీ చూసినా సింగిల్‌గా వదలదగ్గది కనబడదు. 'వా-వా' గోల, 'లెట్ ఇట్ డౌన్' భారం, మిగతావి చావు, దేవుడు, విచారం. 1969 వేసవి రేడియోకి ఇది ఎక్కదు. అసలు ప్రశ్న అక్కడికే వచ్చి ఆగుతుంది. 'సమ్‌థింగ్' ఎవరికి?

ఆ పాట అప్పటికి ఎవరిదీ కాదు. తెల్ల ఆల్బమ్ పూర్తయ్యే వేళకి జార్జ్ పియానో ముందు కూర్చుని మొదలుపెట్టాడు, జనవరికి ఇంకా మాటలు పూర్తి కాలేదు, లెనన్ ఏదో ఒక మాట పెట్టి నింపేయమని సలహా ఇచ్చాడు. జార్జ్ దాన్ని జో కాకర్ అనే గాయకుడికి ఇచ్చేశాడు కూడా, కాకర్ రికార్డ్ చేశాడు. అంటే తన దగ్గరున్న బంగారాన్ని తనే తూకం వేసుకోలేకపోయాడు. సొంత ఆల్బమ్ చేస్తూ ఉంటే 'సమ్‌థింగ్' అందులోకి వెళ్ళి తీరుతుంది, దాన్ని పక్కన పెట్టడానికి కారణమే ఉండదు. అలా వెళితే ఆల్బమ్‌కి హిట్ దొరుకుతుంది. అయితే ఆ ఏడాది వచ్చిన బీటిల్స్ ఆల్బమ్ 'ఆబీ రోడ్' నడుము విరుగుతుంది. 1969 అక్టోబర్‌లో వచ్చిన 'సమ్‌థింగ్', బీటిల్స్ సింగిల్‌కి ఎ-సైడ్‌గా, అంటే ముందు వైపున, వచ్చిన మొదటి జార్జ్ పాట, అమెరికాలో మొదటి స్థానానికి వెళ్ళింది, ఫ్రాంక్ సినాట్రా అంతటివాడు గొప్ప ప్రేమగీతమని మెచ్చుకుని, కచేరీల్లో మాత్రం లెనన్-మెకార్ట్నీ పాటగా పరిచయం చేశాడు. ఆ పొరపాటులోనే జార్జ్ జీవితమంతా ఉంది అనొచ్చు. పాట బీటిల్స్ ముద్ర మీద వచ్చింది కాబట్టే సినాట్రా దాకా చేరింది, ఆ ముద్ర మీద వచ్చింది కాబట్టే రాసినవాడి పేరు మాయమైంది. సోలో ఆల్బమ్‌లో వచ్చి ఉంటే పేరు తనదే ఉండేది, మెకార్ట్నీ బేస్ గిటార్ ఉండేది కాదు, బీటిల్స్ ప్రొడ్యూసర్ జార్జ్ మార్టిన్ వయొలిన్లు ఉండేవి కావు. పాట బతుకుతుంది, ఆ రూపం మాత్రం బతకదు.

'హియర్ కమ్స్ ది సన్' కూడా అనుమానమే. 1969 వసంతంలో ఒక రోజు ఆపిల్‌లో లెక్కల మీటింగులు భరించలేక ఎగ్గొట్టి, సర్రేలో క్లాప్టన్ ఇంటి తోటలో గిటార్ పట్టుకుని తిరుగుతూ కట్టిన పాట అది. సొంత ఆల్బమ్ పనిలో తలమునకలై ఉన్నవాడికి బడి ఎగ్గొట్టిన పిల్లాడి ఆ సంబరం ఎక్కడిది? స్టూడియో తనదైతే ఎగ్గొట్టాల్సిన అవసరమే లేదు. ఊహా చరిత్రలో ఇలాంటివే భయపెడతాయి, పెద్దవి మారినా మళ్ళీ సర్దుకోవచ్చు, ఒక మధ్యాహ్నం ఎక్కడ గడిచిందన్నది మారితే మాత్రం పాట పోతుంది.

మరి గ్రూప్ నిలబడేదా? జార్జ్ ఆశపడ్డది అదే కదా, కుక్కర్‌లో ఆవిరి విజిల్‌లోంచి పోతే మూత ఎగరదు అని. రాక్ చరిత్రలో ఈ సూత్రం పనిచేసిన సందర్భాలు ఉన్నాయి. ది హూ బృందంలో జాన్ ఎంట్‌విసిల్ అచ్చంగా జార్జ్ స్థానంలోనే ఉండేవాడు, పీట్ టౌన్‌షెండ్ రాస్తుంటే ఆల్బమ్‌కి ఒకటో రెండో వంతు. 1971లో సొంత ఆల్బమ్ వేసుకున్నాడు, పెద్దగా అమ్ముడుపోలేదు, కానీ గ్రూప్‌కి చీమ కుట్టినట్టు కూడా కాలేదు. 1978 సెప్టెంబర్ 18న కిస్ బృందంలో నలుగురూ ఒకే రోజు నాలుగు సోలో ఆల్బమ్‌లు వదిలారు, అది సంగీతం కన్నా వ్యాపారం ఎక్కువనుకోండి. 1981లో ఫిల్ కాలిన్స్ సోలోగా దూసుకుపోయాడు, అతని బృందం జెనిసిస్ ఆగలేదు, ఇంకా పెద్దదైంది. కుంపటి వేరైనా ఇల్లు ఒకటిగా ఉండొచ్చని తర్వాతివాళ్ళు చూపించారు. బీటిల్స్‌లో మాత్రం ఇంటి పత్రాలే వేరుగా ఉన్నాయి. 1967 ఏప్రిల్‌లో రాసుకున్న భాగస్వామ్య ఒప్పందం ప్రకారం, పాట రాసినందుకు వచ్చే రాయల్టీ తప్ప, ఎవరు సోలోగా రికార్డు చేసినా ఆ డబ్బు అందరి ఉమ్మడి ఖాతాలోకే వెళ్తుంది. కుంపటి వేరు పెట్టుకున్నా బియ్యం డబ్బా ఒకటే. జార్జ్ ఆల్బమ్ అమ్ముడైతే మెకార్ట్నీకి వాటా, మెకార్ట్నీ ఆల్బమ్ అమ్ముడైతే జార్జ్‌కి వాటా. తర్వాత ఏళ్ళ తరబడి కోర్టుల్లో నలిగింది ఇలాంటి ముడులే.

పైగా గొడవ పాటల వంతుల్లో మాత్రమే లేదు. జార్జ్ సోలో మాట అనడానికి రెండు రోజుల ముందు, జనవరి 27న, లెనన్ అమెరికన్ మేనేజర్ అలెన్ క్లైన్‌ని కలిశాడు. జార్జ్, రింగో అటు వెళ్ళారు, మెకార్ట్నీ తన మామగారు లీ ఈస్ట్‌మన్ వైపు నిలబడ్డాడు. జార్జ్ ఎన్ని ఆల్బమ్‌లు చేసుకున్నా ఈ చీలిక పూడదు. అదే ఏడాది సెప్టెంబర్ 8న లెనన్, పాల్, జార్జ్ ముగ్గురూ ఆపిల్‌లో కూర్చుని మాట్లాడుకున్న టేపు ఒకటుంది. లెనన్ ఇకపై తనకి నాలుగు, పాల్‌కి నాలుగు, జార్జ్‌కి నాలుగు, రింగోకి కావాలంటే రెండు అని లెక్క చెప్పాడు. పాల్ అందుకుని, ఈ ఆల్బమ్ దాకా జార్జ్ పాటలు అంత బాగున్నాయని తాను అనుకోలేదన్నాడు. 'ఈ ఆల్బమ్' అంటే 'ఆబీ రోడ్', అంటే 'సమ్‌థింగ్', 'హియర్ కమ్స్ ది సన్'. ఇప్పుడు ఆ రెండూ 'ఆబీ రోడ్'లో లేవనుకుంటే ఆ సమాన వాటా మాట కూడా వచ్చేది కాదేమో. మెచ్చుకోలు రాకపోతే రాకపోయింది, తనకి తన రికార్డు ఉంది కాబట్టి జార్జ్ పట్టించుకునేవాడు కాదేమో. ఎటు చూసినా పన్నెండు రోజుల తర్వాత లెనన్ తాను వెళ్ళిపోతున్నానని చెప్పేశాడు. దాన్ని ఆపడానికి జార్జ్ ఆల్బమ్ దగ్గర మందేమీ లేదు.

కాబట్టి ఊహలో మారేది బీటిల్స్ కథ కాదు, జార్జ్ కథ. 1970లో 'ఆల్ థింగ్స్ మస్ట్ పాస్' అంత బలంగా తగలడానికి కారణం అది గట్టు తెగిన చెరువు కావడం. అంతమంది అభిమానులకి అప్పటిదాకా తెలియదు ఈ మనిషి దగ్గర ఇంత ఉందని. అమెరికాలో ఏడు వారాలు మొదటి స్థానంలో ఉంది, అది కూడా ఖరీదైన మూడు రికార్డుల పెట్టె. ముందే సగం పాటలు 1969లో బయటికి వెళ్ళిపోయి ఉంటే 1970లో మిగిలేది 'మై స్వీట్ లార్డ్', 'వాట్ ఈజ్ లైఫ్', 'బివేర్ ఆఫ్ డార్క్‌నెస్' ఉన్న ఒక్క రికార్డు. అది కూడా గొప్ప రికార్డే, బహుశా వినడానికి ఇంకా హాయిగా ఉండేది కూడా, ఎందుకంటే మూడో డిస్క్‌లోని జామ్ సెషన్లని ఇప్పటికీ పూర్తిగా వినేవాళ్ళు అరుదు. కానీ చెరువు తెగదు, రెండు కాలవలు నెమ్మదిగా పారతాయి. శ్రోతలకి అది నష్టబేరం. జార్జ్‌కి మాత్రం కాదేమో, ఆ రెండేళ్ళూ లోపల దాచుకున్న ఉక్రోషం లేకుండా గడిచేవి.

ఇంత ఊహించాక వినడానికి ఏమీ లేదా అంటే, కొంచెం ఉంది. 1969 ఫిబ్రవరి 25న, టాన్సిల్స్ ఆపరేషన్ అయిన కొద్ది రోజులకి, జార్జ్ ఒంటరిగా ఇ.ఎం.ఐ స్టూడియోకి వెళ్ళాడు. ఆ రోజు అతని 26వ పుట్టినరోజు. మిగతా ముగ్గురూ లేరు. మూడు పాటలు డెమోలుగా రికార్డ్ చేశాడు: 'ఓల్డ్ బ్రౌన్ షూ', 'ఆల్ థింగ్స్ మస్ట్ పాస్', 'సమ్‌థింగ్'. 1996లో వచ్చిన 'ఆంథాలజీ 3'లో మూడూ ఉన్నాయి. ఎకో లేదు, వయొలిన్లు లేవు, గొంతు దగ్గరగా, కొంచెం జాగ్రత్తగా పాడుతున్నట్టు వినిపిస్తుంది, 'సమ్‌థింగ్'లో తర్వాత తీసేసిన ఒక చరణం కూడా ఉంది. రాని ఆల్బమ్‌కి మొదటి రోజు పని అనుకుని వినొచ్చు. ఆ మూడు పాటలూ మూడు దారులు పట్టాయి. 'ఓల్డ్ బ్రౌన్ షూ' మే చివర్లో లెనన్ పెళ్ళి పాట వెనక వైపు బి-సైడ్‌గా వెళ్ళింది. 'సమ్‌థింగ్' అక్టోబర్‌కి బీటిల్స్ సింగిల్ అయింది. 'ఆల్ థింగ్స్ మస్ట్ పాస్' బయటికి రావడానికి ఏడాదిన్నర పట్టింది, అప్పుడు కూడా ముందు వచ్చింది 1970 సెప్టెంబర్‌లో బిల్లీ ప్రెస్టన్ గొంతులో, జార్జ్ గొంతులో రావడానికి ఇంకో రెండు నెలలు.